ప్యాచ్ పనిచేయని చోటికి

జేఎన్‌టీయూ కాలేజీల్లో ఈసీఈ చదివినవాళ్లకు వీఎల్ఎస్ఐ డిజైన్ అనే సబ్జెక్టు గుర్తుండే ఉంటుంది. ఆకుపచ్చ పెన్సిల్‌తో డిఫ్యూజన్, ఎరుపుతో పాలీసిలికాన్, నీలంతో మెటల్ గీసి స్టిక్ డయాగ్రమ్‌లు వేయడం, లాంబ్డా రూల్స్ బట్టీపట్టడం, పరీక్ష అవగానే అన్నీ మర్చిపోవడం. ఫైనలియర్లో క్యాంపస్‌కి వచ్చింది ఏ సర్వీసుల కంపెనీయో. చేరాక ఇచ్చింది జావానో, శాపో, టెస్టింగో. అక్కణ్ణుంచి ఆన్‌సైట్, హెచ్-1బి, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు. ఈసీఈ పట్టా సూట్‌కేసు అడుక్కి చేరింది.

ఈ మధ్య ఆ పట్టా మళ్లీ బయటికొస్తోంది. 2022 చివర్లో మొదలైన లేఆఫ్‌లు ఇంకా ఆగినట్టు లేవు. కోడ్ రాసిపెట్టే ఏఐ పక్కనే కూర్చుంది. మరోపక్క ఆ ఏఐని నడిపించే చిప్‌లు చేసే కంపెనీల షేర్లు ఆకాశంలో ఉన్నాయి. దాంతో వారాంతపు పాట్‌లక్‌లలో ఇళ్ల వడ్డీరేట్ల ముచ్చట అయిపోగానే వచ్చే ప్రశ్న ఒకటే: సాఫ్ట్‌వేర్ వదిలి చిప్ డిజైన్‌లోకి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. అయితే చాలామంది అనుకుంటున్న దారి వేరు, నిజంగా తెరిచి ఉన్న దారి వేరు.

ఆ రంగు పెన్సిళ్ల వెనకే ఒక కెరీర్ మార్పు కథ ఉంది. స్టిక్ డయాగ్రమ్‌లనూ లాంబ్డా రూల్స్‌నూ ప్రపంచమంతటా క్లాసురూముల్లోకి తెచ్చింది కార్వర్ మీడ్, లిన్ కాన్వే కలిసి రాసిన ‘ఇంట్రడక్షన్ టు వీఎల్ఎస్ఐ సిస్టమ్స్’. 1980 నాటి పుస్తకం. అంతకుముందు చిప్ గీయడం సెమీకండక్టర్ కంపెనీల లోపలి విద్య. ట్రాన్సిస్టర్ భౌతికశాస్త్రం, ఫ్యాక్టరీ ప్రాసెస్ క్షుణ్ణంగా తెలిసినవాళ్లకే అందేది. కంప్యూటర్ తెలిసినవాళ్లు కూడా చిప్ చేసుకోగలిగేలా ఆ విద్యను కొన్ని సులువైన నియమాల్లోకి దించారు వీళ్లిద్దరూ. కాన్వే 1978లో ఎంఐటీలో ఈ పాఠం చెప్పి, విద్యార్థులు గీసిన డిజైన్లను నిజంగానే సిలికాన్ మీద అచ్చు వేయించి తెప్పించారు కూడా.

ఆమె జీవితం మరీ విచిత్రం. ఐబీఎంలో సూపర్ కంప్యూటర్ మీద పనిచేస్తుండగా, తాను స్త్రీగా మారబోతున్నానని చెప్పినందుకు 1968లో కంపెనీ ఆమెను తీసేసింది. కొత్త పేరుతో, పాత అనుభవం చెప్పుకునే వీలు లేకుండా, కాంట్రాక్ట్ ప్రోగ్రామర్‌గా మళ్లీ మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి మెమొరెక్స్, తర్వాత జిరాక్స్ పార్క్, ఆ తర్వాతే చిప్‌లు. ఐబీఎం క్షమాపణ చెప్పడానికి 2020 దాకా పట్టింది. 2024 జూన్‌లో ఆమె కన్నుమూసినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు గానీ, మనలో ఎంతోమంది ఇంజినీరింగ్ నోటుబుక్కుల్లో రంగులు పూయించింది ఆవిడే.

ఇంకో ఉదాహరణ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిది. ఏకార్న్ అనే చిన్న కంపెనీలో సోఫీ విల్సన్ పేరు బాగా మోగింది సాఫ్ట్‌వేర్‌తో. బీబీసీ మైక్రో కంప్యూటర్‌కి బేసిక్ భాష రాసింది ఆమే. తర్వాత స్టీవ్ ఫర్బర్‌తో కలిసి కొత్త ప్రాసెసర్ తలపెట్టినప్పుడు దాని ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఆమె రూపొందించారు. ఫర్బర్ చిప్ నమూనాను ముందు ఆ బీబీసీ బేసిక్‌లోనే రాసుకున్నారు, 808 లైన్లు. 1985 ఏప్రిల్ 26న ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి చిప్ పెట్టగానే పనిచేసింది. కరెంటు ఎంత తింటోందో చూద్దామని మీటర్ పెడితే సున్నా చూపించిందట. తీరా చూస్తే బోర్డు మీద పవర్ కనెక్షనే లేదు, పక్క సిగ్నల్ తీగల్లోంచి చొరబడ్డ కాస్త విద్యుత్తుతోనే చిప్ నడిచేస్తోంది. దాని పేరు ఆర్మ్. మన జేబుల్లో ఉన్న ఫోన్లు దాదాపు అన్నీ ఆ వంశానివే.

కాబట్టి సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్లడం కొత్తేమీ కాదు. కొత్త భాష నేర్చుకోవడం కూడా పెద్ద అడ్డంకి కాదు. చిప్‌లను వర్ణించే భాష వెరిలాగ్ చూడ్డానికి సి లాగే కనిపిస్తుంది. అసలు చిక్కు ఆ పోలికలోనే ఉంది. రెండు వేరియబుల్స్ విలువలు తారుమారు చేయమంటే ఏ ప్రోగ్రామరైనా మూడో తాత్కాలిక వేరియబుల్ తెచ్చుకుంటాడు. వెరిలాగ్‌లో నాన్‌బ్లాకింగ్ అసైన్‌మెంట్‌తో ‘ఏ’లోకి ‘బి’, ‘బి’లోకి ‘ఏ’ అని రెండు లైన్లు రాస్తే చాలు. క్లాక్ టిక్కుమన్న క్షణంలో రెండూ ఒకేసారి మారతాయి. ఎందుకంటే అవి ఒకదాని తర్వాత ఒకటి నడిచే లైన్లు కావు, పక్కపక్కనే ఉన్న రెండు రిజిస్టర్లు, వాటి మధ్య తీగలు. ఇది తలకెక్కడానికి కొందరికి వారం చాలు. పదిహేనేళ్లు జావా రాసినవాళ్లకు ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. లూప్ రాసిన ప్రతిసారీ ‘ఇది ఎంత హార్డ్‌వేర్ అవుతుంది, ఒక క్లాక్ సైకిల్లో పూర్తవుతుందా’ అని తమను తాము ప్రశ్నించుకోవడం అలవాటు కావాలి.

అంతకంటే పెద్ద తేడా తప్పు ఖరీదులో ఉంది. వెబ్ సర్వీసులో బగ్ వస్తే మధ్యాహ్నానికి ప్యాచ్ ఎక్కించవచ్చు. పూర్తయిన డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపే టేప్‌ఔట్ అంటే శ్లాబు పోసేయడమే. అత్యాధునిక ప్రాసెస్‌లో మాస్కుల సెట్టు ఖర్చు కోటి డాలర్లు దాటిపోతుంది. ఫ్యాక్టరీ నుంచి చిప్ తిరిగి రావడానికి మూడు నాలుగు నెలలు. అప్పుడు బగ్ బయటపడితే కొన్నింటిని మైక్రోకోడ్‌తోనో ఫర్మ్‌వేర్‌తోనో సర్దుకోవచ్చు, కొన్నింటికి చిప్‌ను మళ్లీ అచ్చు వేయించే రీస్పిన్ తప్పదు.

సర్దుకోలేకపోతే ఏమవుతుందో 1994లో ఇంటెల్‌కి తెలిసొచ్చింది. వర్జీనియాలోని లించ్‌బర్గ్ కాలేజీ గణితం ప్రొఫెసర్ థామస్ నైస్లీ ప్రధాన సంఖ్యల మీద లెక్కలు చేసుకుంటుంటే పెంటియం ప్రాసెసర్ భాగహారంలో తేడా వచ్చింది. భాగహారానికి వాడే పట్టికలో ఉండాల్సిన కొన్ని విలువలు లేవు. ఆ పట్టికను చిప్‌లోకి ఎక్కించే స్క్రిప్ట్‌లో పొరపాటు జరిగిందని ఇంటెల్ అప్పట్లో వివరణ ఇచ్చింది. ఆ లెక్కన చిప్ బగ్‌కి మూలం ఒక ప్రోగ్రామ్ అన్నమాట! మామూలు వాడుకదారుకు ఎప్పుడోగాని తగలని దోషమేనని కంపెనీ మొదట కొట్టిపారేసింది. ఆఖరికి అడిగినవాళ్లందరికీ చిప్ మార్చి ఇస్తామని ఒప్పుకుని, 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. డిజైన్ సరైనదని గణితపరంగా నిరూపించే ఫార్మల్ వెరిఫికేషన్‌ను ఇంటెల్ గట్టిగా పట్టుకుంది ఆ దెబ్బ తర్వాతే.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు తెరిచి ఉన్న తలుపు సరిగ్గా అదే: వెరిఫికేషన్. ఆ రంగంలో వాళ్లు డీవీ (డిజైన్ వెరిఫికేషన్) అంటారు. చిప్ గీసేవాళ్లకన్నా, గీసినదాంట్లో తప్పులు పట్టేవాళ్లే ఎక్కువ కావాలి. సీమెన్స్ తరఫున విల్సన్ రీసెర్చ్ చేసే సర్వే 2024లో చెప్పిన లెక్క ప్రకారం మొదటి సిలికాన్‌తోనే నెగ్గిన ఏసిక్ (ప్రత్యేక అవసరానికి చేసే చిప్) ప్రాజెక్టులు 14 శాతమే. మిగతావన్నీ ఏదో ఒక తప్పుతో తిరిగొచ్చాయి. ఆ తప్పుల్ని ముందే పట్టే పని చాలావరకు సాఫ్ట్‌వేర్ పనే. సిస్టమ్‌వెరిలాగ్‌లో క్లాసులు, ఇన్‌హెరిటెన్స్ ఉంటాయి. దానిమీద కట్టిన వెరిఫికేషన్ లైబ్రరీ యూవీఎంలో ఫ్యాక్టరీ ప్యాటర్న్ ఉంది, పబ్లిష్-సబ్‌స్క్రైబ్ లాంటి ఏర్పాటు ఉంది. రాత్రంతా వేల టెస్టులు నడిపే రిగ్రెషన్, పొద్దున్నే పడిపోయినవాటిని విడగొట్టే ట్రయాజ్, కవరేజీ లెక్క: ఇవన్నీ మంచి టెస్ట్ ఇంజినీరుకు చేయి తిరిగిన పనులే. మన సమాజంలో టెస్టింగ్ ఉద్యోగాన్ని డెవలపర్ కన్నా ఒక మెట్టు కింద చూసే అలవాటుంది. చిప్ కంపెనీలో ఆ చిన్నచూపుకి చోటు లేదు.

ఫిజికల్ డిజైన్, అనలాగ్ మాత్రం వేరే లోకం. అక్కడికి నేరుగా దూకాలనుకుంటే మాస్టర్స్ చేయడం తప్ప అడ్డదారి కనిపించదు.

ఇంకొన్ని పక్క తలుపులున్నాయి, వీటి సంగతి తక్కువమందికే తట్టింది. చిప్ గీయడానికి ముందే దాని వేగం అంచనా వేసే పర్ఫార్మెన్స్ మోడళ్లు సాధారణంగా సి++లో రాస్తారు. చిప్ డిజైన్ టూల్స్ చేసే సినాప్సిస్, కేడెన్స్ లాంటి ఈడీఏ కంపెనీల సరుకు ప్రధానంగా సాఫ్ట్‌వేరే. కంపైలర్లు, డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ సరేసరి. అన్నిటికంటే దగ్గరి తలుపు సొంత ఆఫీసులోనే ఉండొచ్చు. గూగుల్ తన సొంత ఏఐ చిప్ టీపీయూను 2015 నుంచే డేటా సెంటర్లలో వాడుతోంది. అమెజాన్ అదే ఏడాది అన్నపూర్ణ ల్యాబ్స్‌ను కొని సొంత చిప్‌లకు దిగింది. మైక్రోసాఫ్ట్, మెటా కూడా అదే బాట పట్టాయి. అలాంటి కంపెనీలో ఇప్పటికే ఉన్నవాళ్లు బయట ఇంటర్వ్యూల చుట్టూ తిరిగే ముందు ఇంటర్నల్ ట్రాన్స్‌ఫర్ సంగతి కనుక్కోవడం మేలు.

ఇక అపోహలు. ఫీనిక్స్‌లో టీఎస్ఎంసీ ఫ్యాక్టరీ వచ్చింది కాబట్టి అక్కడికి మారితే డిజైన్ ఉద్యోగం దొరుకుతుందని కొందరు ఇల్లు కూడా చూసుకుంటున్నారు. ఫ్యాక్టరీలో ఉండేవి తయారీ ఉద్యోగాలు. 2022 చిప్స్ చట్టం కేటాయించిన 52.7 బిలియన్ డాలర్లలో 39 బిలియన్లు తయారీ ప్రోత్సాహకాలకే. డిజైన్ పని ఎక్కువగా శాంటాక్లారా, శాన్‌హోసే, ఆస్టిన్, శాన్‌డియాగో, హిల్స్‌బరో లాంటి చోట్ల ఉంటుంది. రెండో అపోహ, చిప్ రంగంలో లేఆఫ్‌లు ఉండవని. 2024 ఆగస్టులో ఇంటెల్ దాదాపు 15,000 మందిని తగ్గిస్తామని ప్రకటించింది. మూడోది సంఖ్య. అమెరికాలో సాఫ్ట్‌వేర్ డెవలపర్లు పదహారు లక్షల పైచిలుకు ఉంటే, కంప్యూటర్ హార్డ్‌వేర్ ఇంజినీర్లు లక్ష లోపే. మధ్యస్థ జీతం హార్డ్‌వేర్ వైపే ఎక్కువ, నిజమే. కానీ ఇరుకు సందు అది. అందరూ ఒకేసారి పట్టరు.

వెనక్కి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు మాత్రం హైదరాబాదు మంచి మాట చెబుతోంది. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ లోపలి చిప్ పోర్టల్‌ప్లేయర్ కంపెనీది. దాని ఇంజినీర్లలో పెద్ద భాగం హైదరాబాదులోనే ఉండేవారు. 2007లో ఎన్‌విడియా ఆ కంపెనీని కొనేసింది. ఇప్పుడు ఏఎండీ, క్వాల్కమ్, ఇంటెల్, మైక్రాన్, సినాప్సిస్ అన్నిటికీ అక్కడ సెంటర్లున్నాయి. హైదరాబాదులో డీవీలో చేరి, అదే కంపెనీ ద్వారా అమెరికా వచ్చిన కుర్రాళ్లు కొందరు మన డాలస్ అన్నయ్యలకే ఇప్పుడు సలహాలిస్తున్నారు.

వీసా మీద ఉన్నవాళ్లకు లెక్క ఇంకొంచెం క్లిష్టం. సాఫ్ట్‌వేర్ డెవలపర్ నుంచి హార్డ్‌వేర్ ఇంజినీరుగా మారితే ఉద్యోగ వర్గీకరణ మారుతుంది. అదే కంపెనీలో అయినా హెచ్-1బికి సవరణ పిటిషన్ అవసరపడొచ్చు. ఐ-140 ఆమోదం పొందినవాళ్లకు ప్రయారిటీ తేదీ సాధారణంగా పోదు, కొత్త పెర్మ్ మాత్రం మళ్లీ మొదలవుతుంది. ఐ-485 పెండింగ్‌లో ఉంటే కొత్త ఉద్యోగం పాతదానికి ‘అదే లేదా దగ్గరి’ వర్గంలోది అనిపించుకోవాలి. ఆఫర్ మీద సంతకం పెట్టాక కాదు, ముందే లాయరును అడగాల్సిన ప్రశ్నలివి. చదువు ఈసీఈ అయితే ఆ పాత పట్టా ఇక్కడ అక్కరకొస్తుంది.

చివరగా ఒక చేదు సంగతి. మన సమాజంలో సాఫ్ట్‌వేర్‌కి అంటుకున్న జబ్బు ఇక్కడికీ పాకుతోంది. ఆరు వారాల కోర్సు, ఆపైన రెజ్యూమెలో ఐదేళ్ల యూవీఎం అనుభవం, అవసరమైతే ఫోన్లో ఇంటర్వ్యూ ఇంకొకరు ఇచ్చిపెట్టడం. నేర్చుకోవడానికి అంత తిప్పలే అక్కర్లేదు. సిమ్యులేటర్ వెరిలేటర్ ఉచితం, పైథాన్‌తో టెస్టులు రాసుకునే కోకోటిబి ఉచితం. కొన్ని వందల డాలర్లు పెడితే టైనీ టేప్‌ఔట్ ద్వారా చిన్న డిజైన్ నిజంగానే సిలికాన్ మీదికి ఎక్కుతుంది. ఒక ఫిఫో (ముందు వచ్చిన డేటాను ముందే బయటికిచ్చే క్యూ) రాసి, దాన్ని పడగొట్టడానికి టెస్టులు రాస్తే రెండు నెలల సాయంత్రాలు సరిపోతాయి.

అబద్ధపు రెజ్యూమె దొరికిపోయేది కూడా ఆ ఫిఫో దగ్గరే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు యూవీఎం ఫేజుల పేర్లు వల్లించమని ఆగిపోరు. ఫిఫో పూర్తిగా నిండి ఉన్నప్పుడు ఒకే క్లాక్ అంచున రీడ్, రైట్ రెండూ వస్తే నీ డిజైన్ ఏం చేస్తుంది, అది తప్పు చేస్తే నీ టెస్ట్‌బెంచ్ ఎలా పట్టుకుంటుంది అని అడుగుతారు. ఆ బగ్ ఒక్కసారైనా వేవ్‌ఫామ్‌లో వెతుక్కుని పట్టుకున్నవాళ్లు జవాబును బొమ్మ గీసి చూపిస్తారు.