పిల్లల లోపల మాట్లాడే అయ్యోరు

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల నియామకానికి మెగా డీఎస్సీ పరీక్షలు మొదలయ్యాయి. 16,347 టీచర్ పోస్టులు. చంద్రశేఖరపురం, పామూరు, కనిగిరి వైపు పల్లెల నుంచి ఒంగోలుకో అవనిగడ్డకో పోయి, అద్దె గదుల్లో ఉండి చదివే అభ్యర్థులను నిద్రలేపి అడిగినా టక్కున చెప్పే సంగతి ఒకటుంది: అచిత్తుది ఆనంద సూత్రం, అహానిది వాస్తవిక సూత్రం, అధ్యహానిది నైతిక సూత్రం. సైకాలజీ గైడ్లలో తప్పకుండా కనిపించే బిట్ ఇది. జవాబు గుర్తిస్తే మార్కు వస్తుంది. ఆ మార్కుతో ఉద్యోగమూ రావచ్చు. ఉద్యోగం వచ్చాక ఆ మూడు మాటలతో ఏం పని ఉందో మాత్రం అభ్యర్థికి చెప్పేవాళ్లు తక్కువ. అక్కడే పెద్ద నష్టం జరుగుతోంది.

మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ ఈ మూడింటినీ (ఇంగ్లిషులో ఇడ్, ఈగో, సూపర్ ఈగో) ఒక్కసారిగా కూర్చుని కల్పించలేదు. 1900 నాటి 'కలల వ్యాఖ్యానం'లో ఆయన మనసును చేతనం, పూర్వచేతనం, అచేతనం అని విభజించారు. రోగులను చూసేకొద్దీ ఆ లెక్క సరిపోలేదు. అణగిపోయిన కోరికలు అచేతనంలో ఉంటే, వాటిని అణిచేది చేతనంలో ఉండాలి కదా! కానీ తాను దేన్నో అణుచుకుంటున్నట్టు రోగికే తెలియడం లేదు. తప్పు చేశానన్న బాధ కూడా మనిషికి అంతు చిక్కకుండానే లోపల పనిచేస్తోంది. ఈ చిక్కు విప్పడానికే 1923లో ఆయన 'అహం, అచిత్తు' అనే చిన్న పుస్తకం వెలువరించారు.

ఆయన లెక్క ప్రకారం పుట్టినప్పుడు ఉండేది అచిత్తు ఒక్కటే. ఆకలి, కోరిక, కసి, ఇప్పుడే కావాలన్న పట్టు. లోకంతో తగిలేకొద్దీ అందులోంచే అహం తయారవుతుంది. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఊరుకోవాలో అది నేర్చుకుంటుంది. అయిదారేళ్ల వయసు వచ్చేసరికి అమ్మానాన్నల ఆజ్ఞలు లోపలికి పోయి అధ్యహంగా స్థిరపడతాయి. అప్పటినుంచి ఎదురుగా ఎవరూ లేకపోయినా తిట్టేవాళ్లు లోపలే ఉంటారు. బయటి లోకం, అచిత్తు, అధ్యహం అనే ముగ్గురు కఠినమైన యజమానులను ఒకేసారి కొలవాల్సిన పనివాడిగా 1933 నాటి ఉపన్యాసాల్లో ఫ్రాయిడ్ అహాన్ని చూపించారు.

బిట్ల చదువులో జారిపోయే సంగతి 1923 పుస్తకంలోనే ఉంది. పిల్లవాడు ఎదిగేకొద్దీ తండ్రి స్థానాన్ని ఉపాధ్యాయులూ ఇతర పెద్దలూ అందుకుంటారని, వాళ్ల ఆజ్ఞలూ నిషేధాలే లోపల నిలిచి, అంతరాత్మగా మనిషిని నడుపుతాయని ఫ్రాయిడ్ అక్కడ రాశారు. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1914లో, తాను చదివిన బడి యాభయ్యో వార్షికోత్సవానికి రాసిన వ్యాసంలోనూ ఇదే మాట. తండ్రి మీది ప్రేమ, భయం, కోపం అన్నీ పిల్లలు పంతుళ్ల మీదికి మళ్లిస్తారన్నారు. అంటే వ్యక్తిత్వ సిద్ధాంతంలో టీచర్‌కు ఆయన ప్రత్యేకంగా ఒక కుర్చీ వేసిపెట్టారు. టీచర్ కావాలనుకునేవాళ్లకు ముందుగా చెప్పాల్సింది అదే.

ఆ అభ్యర్థుల పల్లెలున్న పశ్చిమ ప్రకాశంలో ఆ కుర్చీ బరువు ఇంకా ఎక్కువ. వానమీద ఆధారపడ్డ సేద్యం, అడుగంటిన బోర్లు, ఏళ్ల తరబడి ఎదురుచూపుగా మిగిలిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు. పనుల్లేని నెలల్లో బేల్దారి పనులకు హైదరాబాదో బెంగళూరో పోవడం ఈ మండలాల్లో మామూలే. పిల్లలు అవ్వాతాతల దగ్గరో, వలస కుటుంబాల కోసం ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టళ్లలోనో ఉంటారు. అలాంటి పిల్లవాడికి ఆ నెలల్లో రోజూ కళ్లెదుట కనిపించే నడివయసు పెద్ద, బడిలో అయ్యోరొక్కరే కావచ్చు.

ఆ అయ్యోరు నోటి నుంచి తరచుగా వచ్చే మాట ఎలా ఉంటుంది? "మీ అమ్మానాయనా ఎండలో ఎండి సంపాయిస్తుంటే నువ్విక్కడ ఆటలాడతా ఉండావా?" అన్నవారికి చెడు ఉద్దేశం ఉండదు. పిల్లవాడు బాగుపడాలనే అంటారు. కానీ తనను వదిలి వెళ్లారన్న కోపం ఆ పిల్లవాడి లోపల ఇప్పటికే ఉంటుంది. తన కోసమే కష్టపడుతున్న తల్లిదండ్రుల మీద దాన్ని చూపలేడు. 1930లో ఫ్రాయిడ్ చెప్పింది ఇలాంటి కోపం గురించే. గారాబంగా పెరిగిన పిల్లల్లోనూ అధ్యహం కఠినంగా తయారు కావచ్చని, బయటికి రాలేని కోపమే వెనక్కి తిరిగి మనిషిని శిక్షించే శక్తి అవుతుందని ఆయన గమనించారు. అయ్యోరి మాట ఆ కోపానికి దారి చూపిస్తుంది, ఆ దారి లోపలికే. ఫెయిలైన రోజున ఆ పిల్లవాడిని శిక్షించడానికి బయటినుంచి ఎవరూ రానక్కర్లేదు.

ఈ సంగతిని తెలుగులో నవలా రచయిత గోపీచంద్ కంటే గట్టిగా చూపించినవారు అరుదు. 1940ల్లో వచ్చిన 'అసమర్థుని జీవయాత్ర' నవలలో కథానాయకుడు సీతారామారావుకు తండ్రి ఆస్తితో పాటు ఒక ఆజ్ఞ కూడా ఇచ్చి పోతాడు: వంశ ప్రతిష్ఠ నిలబెట్టాలి. ఆస్తి కరిగిపోతుంది. ఆజ్ఞ మాత్రం అలాగే ఉంటుంది. చిన్న ఉద్యోగంలో ఇమడలేడు, భార్యతో పొసగదు, ఎదుటివాళ్లందరిలో తన శత్రువులే కనిపిస్తారు. చివరికి శ్మశానంలో తన ప్రాణం తానే తీసుకుంటాడు. అచిత్తు అతన్ని చెడగొట్టిందనడం కంటే, లోపలి తండ్రి అతన్ని బతకనివ్వలేదనడమే సరైన మాట. ఆ నవలను గోపీచంద్ అంకితమిచ్చింది తన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికి, ప్రశ్నించడం నేర్పినందుకు. ఒక తండ్రి కొడుకు లోపల ఆజ్ఞగా మిగిలాడు, ఇంకొక తండ్రి ప్రశ్నగా మిగిలాడు. టీచర్ల విషయంలోనూ ఈ రెండు దారులూ ఉన్నాయి.

ఫ్రాయిడ్‌ను ఇంకా పట్టుకు వేలాడటం దేనికని అడిగేవాళ్లున్నారు. వాళ్ల అభ్యంతరాల్లో బలం ఉంది. ఈ సిద్ధాంతాన్ని ప్రయోగంతో తప్పని నిరూపించే వీలే లేదని తత్వవేత్త కార్ల్ పాపర్ విమర్శించారు. ఆడపిల్లల మనసు గురించి ఫ్రాయిడ్ రాసినవాటిలో చాలా భాగం ఇవాళ నిలవదు. కొడుకు తండ్రిని పోటీదారుగా చూస్తాడనే ఇడిపస్ కథ ప్రతి ఇంటికీ అతకదు. మెదడును కోసి చూస్తే అచిత్తు అనే భాగమూ కనిపించదు. అయినా పెద్దల గొంతు పిల్లల లోపలికి పోయి స్థిరపడుతుందన్న పరిశీలనకు ఇవేవీ అడ్డు రావు. తమ చిన్ననాటి టీచర్ అన్న ఒక్క మాటను నలభై ఏళ్ల తర్వాత కూడా అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

ఫ్రాయిడ్ ఉన్న వియన్నాలో ఈ సిద్ధాంతం బడిగదుల్లోకీ వెళ్లింది. ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ మొదట బడిపంతులమ్మే. మనోవిశ్లేషకురాలయ్యాక నగరంలోని టీచర్లకు, తల్లిదండ్రులకు ఉపన్యాసాలిచ్చారు. ఆగస్ట్ ఐకార్న్ దారితప్పిన కుర్రాళ్ల వసతిగృహం నడిపి, ఆ అనుభవంతో 1925లో పుస్తకం రాస్తే ఫ్రాయిడ్ దానికి ముందుమాట రాశారు. కొట్టి మార్చలేని కుర్రాళ్లను ఐకార్న్ ఓర్పుతో, స్నేహంతో దారికి తెచ్చారు. మన దగ్గర 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తం చాలావరకు తగ్గింది. మాటకు ఇంకా పట్టపగ్గాలు లేవు.

డీఎస్సీ ప్రశ్నలు తయారుచేసేవారు ఒక్క పని చేయవచ్చు. అధ్యహం ఏ సూత్రాన్ని అనుసరిస్తుందని అడిగే బదులు, తల్లిదండ్రులు వలసపోయి, వారం రోజులుగా ఎవరితోనూ మాట్లాడని ఆరో తరగతి అబ్బాయిని వర్ణించి, అతనితో మొదట ఏ మాట మాట్లాడాలో అడగాలి. మైనంపాడులోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో ఛాత్రోపాధ్యాయుల చేత 'అసమర్థుని జీవయాత్ర' చదివించి, దాని మీద చర్చ పెట్టాలి. ఇక 2025 డీఎస్సీతో ఉద్యోగాల్లో చేరిన కొత్త టీచర్లు ఎవరి ఉత్తర్వు కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. తమ తరగతిలో అమ్మానాయనలు ఊళ్లో లేని పిల్లలెవరో ఈ వారంలోనే తెలుసుకుని, వాళ్లను పేరు పెట్టి పలకరించి, వాళ్లు చెప్పేది వింటే చాలు.