ఊహ సాఫ్ట్‌వేర్‌కి వదలొద్దు

ఎక్సెల్ షీటును గణాంక విశ్లేషణ భాష అయిన ఆర్‌లోకి తెచ్చేటప్పుడు ఎర్రర్ వచ్చి పని ఆగిపోతే నష్టం లేదు, సరిచేసుకుంటాం. పని ఆగకుండా తప్పు లోపలికి వచ్చేయడమే అసలు ప్రమాదం. రీడ్‌ఎక్సెల్ ప్యాకేజీ మామూలుగా మొదటి 1000 వరుసలు చూసి ఒక్కో కాలమ్‌లో ఉన్నవి అంకెలా, అక్షరాలా అని ఊహిస్తుంది. అవన్నీ అంకెలై, 1200వ వరుసలో సర్వే చేసినవాళ్లు ‘తెలియదు’ అని రాసి ఉంటే ఆ గడి ఖాళీ అయిపోతుంది. హెచ్చరిక వస్తుంది గానీ, దాన్ని ఎంతమంది చదువుతున్నారు? అంతకుముందే ఎక్సెల్ తన వంతు చెడగొట్టి ఉండొచ్చు: ఐడీ ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటిన ఖాతా నంబరులో ఆపై అంకెలు సున్నాలవుతాయి. సెప్ట్2 వంటి జన్యువుల పేర్లు తేదీలుగా మారిపోతుంటే, చివరికి 2020లో జన్యువుల నామకరణ కమిటీ ఆ పేర్లను మార్చినట్టు ప్రకటించింది. ఒక షీటు అలవాటుకు శాస్త్రం లొంగాల్సి రావడం నాకు మింగుడుపడదు. పరిశోధక విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే: కాలమ్ రకం మీరే చెప్పండి, ఐడీలను టెక్స్ట్‌గానే ఉంచండి, విశ్లేషణకు ముందు వరుసల సంఖ్యనూ ఖాళీ గడుల సంఖ్యనూ మూల ఫైలుతో సరిచూసుకోండి.