కళుగుమలై కొండ చెప్పే మాట

విరుదునగర్ నుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి రైల్లో వెళ్ళేవారికి దారి పొడుగునా నల్లరేగడి నేల కనిపిస్తుంది. ప్రత్తి, జొన్న, మినుము చేలు, మధ్యమధ్య అగ్గిపెట్టెల కార్ఖానాలు. తమిళంలో దీనిని 'కరిసల్' సీమ అంటారు. కోవిల్‌పట్టికి పడమరగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఈ చదును నేల మీద ఒక రాతికొండ లేచి నిలుస్తుంది. అదే కళుగుమలై. కళుగు అంటే రాబందు. జటాయువు అన్న సంపాతి ఇక్కడ సుబ్రహ్మణ్యస్వామిని కొలిచాడని స్థలపురాణం.

కొండ పెద్దదేమీ కాదు. కాని పాండ్యుల కాలంలో, 8వ శతాబ్దిలో, శిల్పులు ఇక్కడి బండను శిఖరం నుండి కిందికి తొలుచుకుంటూ వెట్టువాన్ కోవెలను మలిచారు. ఎల్లోరా కైలాసాలయానిదీ ఇదే పద్ధతి. పైన మృదంగం వాయించే దక్షిణామూర్తి కళకళలాడుతుంటాడు. కింది భాగం మాత్రం పూర్తికాకుండా నిలిచిపోయింది.

ఆ పక్కనే బండ మీద జైన తీర్థంకరుల ప్రతిమలు వరుసలు తీరి ఉన్నాయి. వాటి కింద వట్టెళుత్తు లిపిలో చేయించినవారి పేర్లున్నాయి. అందులో ఊళ్ళలోని సామాన్యులున్నారు, 'కురత్తియార్' అనే స్త్రీ గురువులున్నారు. సుమారు 1,200 ఏళ్ళయినా ఆ పేర్లు మిగిలాయి.

మనవాళ్ళు ఈ సీమకు ఆ తరువాతి శతాబ్దాలలో వచ్చారు. ఈ కొండ ఉన్న ఎట్టయపురం జమీ ప్రభువులు తెలుగు మూలాలవారే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటిభాష తెలుగు. తెలుగువారు వలస వచ్చి, అడవి నరికి, ఊరు కట్టుకున్న కథను ఆయన 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో వ్రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2021లో ఆయన కన్నుమూశారు. ఆయన వ్రాయబట్టి ఆ పెద్దల కథ నిలిచింది.

మరి మన ఇళ్ళ సంగతి? ఇక్కడి మన తెలుగు చాలావరకు నోటిమాటగానే మిగిలింది. అమ్మమ్మతో పాటు ఆమె సామెతలూ, చుట్టరికాల లెక్కలూ వెళ్ళిపోతున్నాయి. పద్దు వ్రాయని సొమ్ముకు లెక్క ఉండదని బ్యాంకులో చేరిన కుర్రవాడికి మొదటిరోజే చెబుతాం. భాషకూ అంతే.

ఈ సెలవుల్లో పిల్లలను కళుగుమలైకి తీసుకువెళ్ళండి. ఆ రాతి మీది పేర్లు చూపించండి. ఇంటికి వచ్చాక ఒక నోటుపుస్తకం ఇచ్చి, తాతమ్మల పేర్లు, వచ్చిన ఊళ్ళు, వాడే మాటలు పెద్దల నడిగి వ్రాయమనండి. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాలతోనైనా సరే, ముందు వ్రాయనివ్వండి. అక్షరాలు తరువాత మీరే నేర్పవచ్చు.