ఖాళీ గడి

మన పంచాంగాన్ని ఎవరెన్ని మాటలన్నా, అందులో ఒక సుగుణం వుంది. మంచి వేళ చెప్పి వూరుకోదు. వర్జ్యమెప్పుడో, దుర్ముహూర్తమెప్పుడో గంటలూ నిమిషాలతో ముందే చెప్పేస్తుంది. ఆ ఘడియల్లో మన జోలికి ఎవరూ రారు. ఈనాటి ఆఫీసు కంప్యూటర్లలోని కాలెండర్లకు కావలసినది ఆ గుణమే.

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కుర్రవాళ్ళు జావా నేర్చుకుంటారు, పైథాను నేర్చుకుంటారు. కాలెండరు నింపడం నేర్పే బోర్డు మాత్రం నాకెక్కడా కనబడలేదు. అదీ ఒక విద్యేనా అంటారా? మా మేనల్లుడి సంగతి వినండి.

వాడికి లండనువాళ్ళతో పని. తండ్రిని పంజగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో చూపించాలని గురువారం సెలవు పెట్టాడు. మంజూరయింది. అయితే వాళ్ళ ఆఫీసులో సెలవుల చిట్టా వేరు, కాలెండరు వేరు. దీనిలో రాసినది దానికి తెలియదు. అక్కడెవరో గడి ఖాళీగా వుందని మీటింగు పెట్టేశారు. తండ్రి పక్కన వుండవలసినవాడు మెట్లకింద నిలబడి గంటసేపు ఫోనులో మాట్లాడుతూ వుండిపోయాడు. మా బావగారికి చెవులు మందం. డాక్టరు గదిలోకి ఒంటరిగా వెళ్ళి, ఆయన చెప్పినదానిలో సగం విని వచ్చారు. మిగతా సగం ఏమిటో తెలిసేదాకా మా అక్కయ్యకు నిద్రలేదు.

"సెలవు చెప్పాను గదా మామయ్యా!" అంటాడు వాడు. పై అధికారికి చెప్పాడు, నిజమే. గడికి చెప్పలేదు. 'ఆఫీసులో లేను' అని పెడితే, వచ్చిన మీటింగులను తనే తిప్పిపంపే ఏర్పాటు గూగుల్ కాలెండరులో వుంది. కారణం నలుగురికీ తెలియనక్కరలేదు కూడా.

తెలుగు మేష్టరును గనుక ఒక మాట. 'ఖాళీ' అరబ్బీనుంచి వచ్చినది, శూన్యమని అర్థం. 'తీరిక' మనది, పని తీరగా మిగిలినది. కంప్యూటరుకు మొదటిదే తెలుసు.

వాడి పక్కసీటాయన రోజంతా పని వున్నట్టు నింపేసుకుంటాడట. అది 'నాన్నా, పులి' కథే. నిజంగా పని వున్ననాడు ఆయన గడిని ఎవరూ లక్ష్యపెట్టరు.

ఇంకో చిక్కు. లండనులో వుదయం 9 గంటలంటే మనకు వేసవిలో మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. వాళ్ళు మార్చి ఆఖరి ఆదివారం గడియారం ముందుకు తిప్పుతారు. అమెరికావాళ్ళు ఆ నెల రెండో ఆదివారమే తిప్పుతారు. అందుచేత లండను మీటింగును లండను వేళకే రాయించండి. మన వేళ సంగతి కంప్యూటరు చూసుకుంటుంది. ఆసుపత్రి తేదీ మాత్రం చీటీ చేతికి వచ్చిన పూటే, దారిలో పట్టే వేళతో సహా, మీరే ఎక్కించుకోవాలి.