ఉరుముకు అర్జునుడు, కంప్యూటర్‌కు నిమ్మకాయ

ఉరుము వినగానే ‘అర్జునా, ఫల్గుణా’ అనుకుంటే పిడుగు పడదన్న నమ్మకం తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉంది. వజ్రాయుధం ఇంద్రుడిది, అర్జునుడు ఇంద్రుడి కొడుకు. కొడుకు పేరు వింటే తండ్రి ఆయుధం దించుతాడన్నది ఇందులోని తర్కం. కథగా ముచ్చటగానే ఉంది. కానీ శబ్దం ఒక కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ఉరుము చెవిన పడేసరికే ఆ మెరుపు పని అయిపోయి ఉంటుంది. ఒక ఇంటి మీద పిడుగు పడటం చాలా అరుదు కనుక, ఎవరి పేరు తలచినా తలవకపోయినా ఆ ఇల్లు దాదాపు ఎప్పుడూ క్షేమంగానే ఉంటుంది. ఆ ఖ్యాతి జపం ఖాతాలో పడుతుంది.

ఇది మనవాళ్లకే పరిమితం కాదు. యూరప్‌లో పిడుగుల్ని తరమడానికి చర్చి గంటలు మోగించేవారు. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తయిన గోపురం, తడిసిన తాడు, దాన్ని పట్టుకున్న మనిషి! 33 ఏళ్లలో 103 మంది గంటలు కొట్టేవాళ్లు ఇలా చనిపోయారని 1784లో మ్యూనిక్‌లో వెలువడిన ఒక పుస్తకం లెక్క చెప్పింది.

ఇప్పుడు కంప్యూటర్ కూడా ఈ నమ్మకాల పరిధిలోకి వచ్చింది. దసరాకు సీపీయూకు బొట్టు పెట్టి నిమ్మకాయ కడతారు. వాస్తు ప్రకారం ఆగ్నేయ మూలన పెడతారు. అదే కంప్యూటర్ ప్లగ్గు రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టడం లేదని ఎర్త్ పిన్నును విరిచేస్తారు.

పిడుగు సరిగ్గా ఇంటి మీదే పడనక్కర్లేదు. కరెంటు లైను మీదో, దగ్గర్లోనో పడినా వోల్టేజి ఒక్కసారిగా ఎగసి తీగల వెంట ఇంట్లోకి వస్తుంది. టెలిఫోన్ తీగ, స్తంభాల మీదుగా లాగిన కేబుల్, డాబా మీది డిష్ తీగ కూడా దానికి దారులే. ఫైబర్ గాజుపోగు కనుక విద్యుత్తును మోయదు. అయితే దాని పెట్టెకున్న అడాప్టర్ కరెంటు ప్లగ్గులోనే ఉంటుంది.

స్విచ్ ఆపితే చాలనుకోవడం చదువుకున్నవాళ్ల జపం. మామూలు గోడ స్విచ్ ఫేజ్ తీగనే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. పైగా మిల్లీమీటరు గాలిని దూకడానికి సుమారు మూడు వేల వోల్టులు చాలు. స్పైక్ బస్టర్ చిన్న వోల్టేజి పోటును అడ్డుకుంటుంది, అదీ ఎర్తింగ్ సరిగ్గా ఉంటేనే. అన్ని స్పైక్ బస్టర్లలోనూ ఆ రక్షణ భాగం ఉండదు. కొన్ని వట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సులే. ఉన్న భాగం కూడా పోటు తగిలినకొద్దీ అరుగుతుంది. పెట్టె మీది చిన్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది, యజమాని నిశ్చింతగా ఉంటాడు. యూపీఎస్ ప్రధానంగా కరెంటు పోయినప్పటి కోసం; ఎంత పెద్దదైనా దగ్గర్లో పడిన పిడుగుకు పూర్తి హామీ ఇవ్వలేదు.

నమ్మదగినది తీగ పీకేయడమే. కంప్యూటర్, మానిటర్, ప్రింటర్, రౌటర్ ప్లగ్గులతో పాటు బయటి నుంచి వచ్చే నెట్ కేబుల్‌నూ తీయాలి. ఇదంతా మబ్బు పట్టినప్పుడే చెయ్యాలి. ఉరుములు మొదలయ్యాక ఆ తీగలు ముట్టుకుంటే యంత్రానికి రావలసిన ముప్పు మనిషికి వస్తుంది. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద, వైఫైతో ల్యాప్‌టాప్ వాడుకోవచ్చు. ఛార్జింగ్‌లో లేని సెల్‌ఫోన్ ఇంట్లోకి పిడుగును లాగుతుందన్నది అపోహే. చివరి ఉరుము విన్న 30 నిమిషాల తర్వాత ప్లగ్గులు మళ్లీ పెట్టుకోవచ్చు.