వంటయింట విద్యుత్ గ్రిల్లు

నిప్పుమీద కాల్చి తినుట వంటలలోకెల్ల ప్రాచీనమైనది. కుండ లేకున్నను, నూనె లేకున్నను, నిప్పున్న చాలును. పొయ్యిలో కాల్చిన వంకాయతో పచ్చడి నూరుటయు, నిప్పులపై మొక్కజొన్న కంకులు కాల్చుకొని తినుటయు మన తెలుగువారికి క్రొత్తగాదు. ఇట్టి వంటకు విద్యుత్ గ్రిల్లు అను నూతన సాధనమొకటి నేడు మన యిండ్లలో ప్రవేశించుచున్నది. ఇది ధనవంతుల వేడుక యని కొందఱును, ఇది యున్న వంటపని యంతయు తీరునని మఱికొందఱును చెప్పుచుందురు. మా యభిప్రాయము వేఱు. దీనివలన ఇంటిలో వంటచేయువారి సంఖ్య పెరిగినప్పుడే ఇది సార్థకమగును. లేనిచో అలమారలో నింకొక వస్తువు చేరినట్లే.

మొదట దీని స్వరూపము నెఱుగుట మంచిది. నికెలు, క్రోమియము అను లోహములను కలిపి చేసిన తీగ దీనికి ప్రాణము. ఇట్టి తీగకు 1906లో ఆల్బర్ట్ మార్ష్ అను అమెరికా దేశీయుడు పేటెంటు పొందెను. విద్యుత్తు ప్రవహించునప్పుడు ఈ తీగ ఎఱ్ఱగా కాలును గాని త్వరగా చెడదు. పైతరగతులవారు చదువుకొను జౌల్ సూత్రమే యిచట పనిచేయుచున్నది. కొన్ని గ్రిల్లులలో వేడిమి క్రిందనుండి ఊచలకు తగులును. మఱికొన్నింటిలో రెండు పలకల నడుమ పదార్థము నుంచి మూయుదురు. 1994లో జార్జ్ ఫోర్‌మన్ అను సుప్రసిద్ధ ముష్టియోధుని పేరిట అమెరికాలో వెలువడిన గ్రిల్లు ఈ రెండవ విధమైనది. దాని పలక యేటవాలుగా నుండుటచే కరగిన క్రొవ్వు ముందున్న పళ్లెములోనికి జాఱిపోవును.

దీనివలని లాభములలో ముఖ్యమైనది బొగ్గు అక్కఱలేకుండుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ననుసరించి, కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరసనాయిలు మొదలగువాని పొగచే ఇండ్లలోని గాలి చెడి, 2020వ సంవత్సరమున ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరి. గ్యాసుపొయ్యి వచ్చిన యిండ్లలో నీ బాధ చాలవఱకు తగ్గినది. అయినను కాల్చిన వంటలపై మక్కువచే బొగ్గుల కుంపటిని గదిలో వెలిగించువారు కలరు. ఇది ప్రాణాపాయము. రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు బొగ్గులనుండి వెలువడి, తలుపులు మూసిన గదిలోనివారిని నిద్రలోనే చంపగలదు. విద్యుత్ గ్రిల్లున బొగ్గు మండదు గనుక ఈ భయము లేదు. క్రొవ్వు మాడినప్పుడు కొంత పొగ రాకపోదు. కిటికీ తెఱచి యుంచవలెను.

కరెంటు ఖర్చునకు జడియువారికి లెక్క చెప్పెదము. వేయి వాట్లు ఒక గంట పనిచేసిన ఒక యూనిట్టు. 1,500 వాట్ల గ్రిల్లు 20 నిమిషములు పనిచేసిన అర యూనిట్టు మాత్రమే యగును. కాని 230 వోల్టుల యొద్ద దానికి ఆఱున్నర ఆంపియర్లు కావలెను. కావున 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గునకు తగిలింపక, 16 ఆంపియర్ల పవరు ప్లగ్గునకే తగిలింపవలెను. తడిచేతులతో ముట్టరాదు.

వంటయందును కొంత శాస్త్రము కలదు. తడి యున్నంతవఱకు పదార్థపు పైభాగము 100 డిగ్రీలను మించి వేడెక్కదు. అది ఎఱ్ఱబడి కమ్మని వాసన వచ్చుటకు సుమారు 140 డిగ్రీలు కావలెను. ఈ మార్పును 1912లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మయ్యార్ వివరించెను. కనుక చేపముక్కలను కడిగి, తడి యొత్తి, ఉప్పు, కారము, పసుపు, కొంచెము నూనె పట్టించి, పలక బాగుగా కాగిన పిమ్మటనే పెట్టవలెను. వంకాయను నిలువున చీల్చి నూనె రాచి పెట్టిన మెత్తగా కాలును. కోడిమాంసము లోపలి భాగమునకు సైతము 74 డిగ్రీల వేడిమి చేరవలెను. పైరంగు చూచి మోసపోరాదు.

పొయ్యిలో కాలిన వంకాయ రుచి దీనిచే రాదని పెద్దలందురు. అది సత్యమే, ఆ పొగవాసన నిప్పులకే చెల్లును. పప్పును చారును దీనిపై కాచలేము. పదిమంది గల యింట నాలుగైదు వాయిలు కాల్చవలసివచ్చును. కాబట్టి ఇది పొయ్యికి తోడేగాని మాఱు కాదు.

ఇక మా ముఖ్యవిషయము. మనవారు మేలైన వంటను నలభీమపాకమని మెచ్చుకొందురు. నలుడు బాహుకుడై యున్నప్పుడు అతడు వండిన మాంసపు రుచి దమయంతి యతని నానవాలు పట్టుటకు తోడ్పడెను. భీముడు విరాటుని కొలువున వంటవాడై యొక యేడు గడపెను. ఇరువురును పురుషులే, రాజవంశజులే. అట్టివారి పేర వంటను పొగడు మన మింటిలోని మగపిల్లలను వంటయింటి గడప దాటనీయము. పరీక్షలున్నవని కుమారునికి పని చెప్పము. కూతురికిని పరీక్షలున్నవని తలంపము. ఇది న్యాయమా?

వంట నేర్వ నారంభించువానికి గ్రిల్లు మిక్కిలి యనుకూలమైనది. మంట లేదు, కాగుచున్న నూనె లేదు. కాలము లెక్కించుకొనిన చాలును. పెద్దలు దగ్గఱనుండి చూపినచో పైతరగతుల బాలురు దీనిపై ఒకపూట వంట సులభముగా చేయగలరు. అయితే చేప కాల్చి మెప్పు తాను పొంది, జిడ్డుపలకలను తల్లికి విడిచిపోవువాడు వంట నేర్చినవాడు కాడు. చల్లారిన పిమ్మట ప్లగ్గు ఊడదీసి, తడిగుడ్డతో పలకలు తుడిచి, పళ్లెము కడిగి, గ్రిల్లును దాని చోట నుంచుటతోనే పని ముగియును. ఇనుప అట్లకాడతో గీకి పూత చెఱుపరాదు. గ్రిల్లును నీట ముంచరాదు.

గ్రిల్లు లేని యిండ్లవారు చింతింప నక్కఱలేదు. పెనముపైనను చేప కాలును, నేర్చుకొన నిచ్చగలవానికి పొయ్యి యేదైన నొకటే. విద్యార్థులారా, వారమున కొకపూటయైన వంట మీ వంతని తల్లితో చెప్పుడు. తల్లిదండ్రులు కుమారునికిని కుమార్తెకును సమముగా ఆ పని నప్పగింతురని కోరుచున్నాము.