ఇంటిని బలి ఇమ్మని ప్రభువు అడిగాడా?



ఈమధ్య కోదాడ దగ్గర ఒక కూటంలో ప్రసంగీకుడు, "సేవలో పడి నా బిడ్డల ముఖం చూసి నెల దాటింది" అన్నాడు. పందిరంతా హల్లెలూయ అంది. మేమూ చేతులెత్తి అన్నాము. సూర్యాపేటలో ఆఖరి బస్సు దిగి, బండి మీద ఊరు చేరేసరికి అర్ధరాత్రి. పదో తరగతి చదివే మా అమ్మాయి తలుపు తీసి, "డాడీ, అమ్మకు పొద్దుగాలసంది జ్వరం. నాలుగుసార్లు ఫోన్ చేసిన, నువ్వు ఎత్తలే" అంది. ఆ మధ్యాహ్నమే మేము మిర్యాలగూడలో ఒక విశ్వాసి జ్వరం తగ్గాలని అరగంట ప్రార్థించి వచ్చాము!

పందిట్లో మేము అన్న ఆ హల్లెలూయ తప్పు. ఇంటిని గాలికి వదిలేసినవాడే గొప్ప సేవకుడనే బోధ మన సంఘాల్లో పాతుకుపోయింది. అది వాక్యానుసారమైనది కాదు.

మార్కు 7వ అధ్యాయం చూడండి. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని కొర్బాన్, అంటే దేవునికి అర్పితం, అని చెప్పి కొందరు తప్పించుకున్నారు. ప్రభువు దాన్ని భక్తి అనలేదు, దేవుని ఆజ్ఞను కొట్టివేయడం అన్నాడు. భార్యాబిడ్డలకు చెందిన ప్రతి సాయంత్రాన్నీ కూటాలకు రాసిచ్చి "ప్రభువు కోసం" అంటే అదీ కొర్బానే.

భార్యాబిడ్డలకంటే తనను ఎక్కువగా ప్రేమించమని లూకా 14లో ప్రభువే అన్నాడు కదా అని అడుగుతారు. నిజమే. అయితే ఆ మాట వెంట వస్తున్న జనమందరికీ చెప్పినది. దాన్ని అడ్డుపెట్టి పాస్టరు ఇంటినొక్కదాన్నే ఖాళీ చేస్తామా? ఆ ప్రభువే సిలువ మీద వేలాడుతూ తల్లిని శిష్యునికి అప్పగించాడు. లోకరక్షణ పని జరుగుతున్న గడియలో కూడా ఇంటి బాధ్యత మరువలేదు. ఇల్లు చక్కబెట్టుకోలేనివాడికి సంఘం అప్పగించవద్దనే పౌలు తిమోతికి రాశాడు.

విలియం కేరీని మనం గౌరవిస్తాము. 1814లో తెలుగు వ్యాకరణం కూడా అచ్చువేయించిన మహానుభావుడు. ఆయన భార్య డొరొతి మొదట రానని చెప్పి, చివరికి 1793లో ఓడ ఎక్కింది. మరుసటి ఏడు కొడుకు పీటరును పోగొట్టుకుంది. మతి చెదిరి 1807లో కన్నుమూసింది. కేరీ పేరు వందసార్లు విన్న మనం డొరొతి పేరు ఎన్ని ప్రసంగాల్లో విన్నాము?

సంఘస్థులారా, మీకూ ఒక మాట. పగలంతా మీరు నాట్లలో, కోతల్లో, రైసు మిల్లుల్లో ఉంటారు. కూటాలు రాత్రే పెట్టాలి, మాకు తెలుసు. మా పిల్లలు ఇంట్లో ఉండేదీ ఆ వేళే. మరణమో, ప్రమాదమో, ఆసుపత్రో అయితే అర్ధరాత్రి పిలవండి, పరుగున వస్తాము. కానీ పుట్టినరోజుకు, కొత్త బండికి అయ్యగారే రావాలా? సంఘ పెద్ద చేసే ప్రార్థన దేవుడు వినడా? పని పంచుకోమని మోషేకు చెప్పిన యిత్రో ఉత్త చేతులతో రాలేదు. మోషే భార్యను, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని వచ్చాడు (నిర్గమ 18). సలహా ఇవ్వకముందే అతని కుటుంబాన్ని అతని దగ్గరకు చేర్చాడు!

పాస్టరమ్మ సంగతి కూడా ఆలోచించండి. చాపలు పరిచేది, వచ్చినవారికి అన్నం పెట్టేది, స్త్రీల కూటం నడిపేది ఆమె. ఆమెకు జ్వరం వస్తే ప్రార్థనకు వచ్చే కాపరి ఎవరు?

మేము ఒక తీర్మానం చేసుకున్నాము. ఇకమీదట సోమవారం సాయంత్రం కూటం పెట్టము. ఆ పూట మా ఫోను సంఘ పెద్ద దగ్గర ఉంటుంది. "అయ్యగారికి సేవలో మంట తగ్గింది" అని ఎవరైనా అంటే అననివ్వండి. తోటి సేవకులారా, మీరూ ఒక సాయంత్రం ఎంచుకోండి. మన బిడ్డలు పెద్దవారై మందిరం గడప తొక్కనంటే, మనం కట్టిన ఏ మందిరమూ ఆ లోటు తీర్చలేదు.

ప్రభువా, నీ మందను కాయమని మమ్మల్ని పిలిచావు. నీవే మాకిచ్చిన ఇంటిని మరచినందుకు మమ్మల్ని క్షమించుము. ఆమేన్.